మీరాబాయికి విషం గిన్నె తెచ్చిందెవరు?

(మహాసభల సాహిత్య వేదికపై చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో సినిమా తారలతో ముఖాముఖి జరుగుతోందని తెలిసి కూడా ఇటు వచ్చారంటే మీకు రెండు నమస్కారాలు పెట్టాలి.

ముందే ఒక మాట మనవి చేసుకుంటాను. నేను పండితుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళకు పైగా కొలంబస్‌లో డేటాబేస్‌లు చూసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. సంస్కృతం రాదు. హిందీ దూరదర్శన్ పుణ్యమా అని వచ్చినంత మాత్రం వచ్చు. అలాంటివాడికి మీరాబాయితో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ సంగతే ముందు చెబుతాను.

2012లో మా ఊరి తెలుగువాళ్ళం కృష్ణాష్టమికి మీరా కథ నృత్యనాటికగా వేశాం. పాటలు, అడుగులు డాన్సు టీచరుగారు చూసుకున్నారు. తెర వెనక నుంచి మైకులో చెప్పే వ్యాఖ్యానం రాసే పని నాకు పడింది. దానికి కారణం నా సాహిత్య ప్రతిభ కాదు, సౌండ్ సిస్టమ్ నా దగ్గర ఉంది. మైకు ఎవరి దగ్గరుంటే వాళ్ళే రచయితలన్నది మన సంఘాల్లో పాత ఆచారమే కదా.

చిన్నప్పుడు చదివిన అమర చిత్ర కథని జ్ఞాపకం చేసుకుని రెండు పేజీలు రాసేశాను. వీధిలో పెళ్ళి ఊరేగింపు చూసి 'నా పెళ్ళికొడుకు ఎవరమ్మా?' అని పసిపిల్ల అడగడం, తల్లి నవ్వుతూ కృష్ణుడి విగ్రహం చూపించడం, పెద్దయ్యాక చిత్తోడ్ యువరాజుతో పెళ్ళి, ఆయన పోవడం, ఈవిడ భజనలు, విషం అమృతం కావడం, చివరికి ద్వారకలో స్వామిలో కలిసిపోవడం. మొత్తం నలభై నిమిషాలు. పిల్లలు చూసే నాటిక కదా అని ఇంటి గొడవలన్నీ కత్తిరించాను. 'దుష్టులు విషం పంపారు' అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. ఏ దుష్టులో చెప్పలేదు. ఆ విషం గిన్నె పట్టుకొచ్చే సేవకుడి వేషం మా అబ్బాయిది. వాడికి అప్పుడు ఏడేళ్ళు. మా ఇంట్లో పాయసం తాగే స్టీలు గిన్నెలో కొంచెం రూహఫ్జా పోసి ఇచ్చాం. ఒలకకుండా తెచ్చాడు. చప్పట్లు కొట్టారు.

ఆ ఎండాకాలం మా అమ్మతో పాటు మా చిన్నత్తయ్య కూడా వచ్చి మా ఇంట్లో ఉంది. మా నాన్నగారి ఆఖరి చెల్లెలు. ముందు వరసలో కూర్చుని నాటికంతా చూసింది. కారులో ఇంటికి వస్తుంటే అడిగింది.

"అంతా బాగానే ఉందిరా. ఆ గిన్నె తెచ్చినవాడెవడో చెప్పలేదేం?"

"రాణా పంపించాడు అత్తయ్యా. పేర్లన్నీ చెబితే పిల్లలకి గందరగోళమని వదిలేశాను."

"పంపినవాడి సంగతి కాదురా నేనడిగేది. తెచ్చినవాడు. మీరా వాడి మొహం చూసే ఉంటుంది కదా."

వెనక సీట్లో మా అబ్బాయి నిద్రపోతున్నాడు. నేను ఏదో నవ్వేసి పాటలు పెట్టాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకు వదల్లేదో చివర్లో చెబుతాను. మీరా గురించి పుస్తకాలు తెప్పించుకుని చదవడం మాత్రం అప్పుడే మొదలుపెట్టాను. ఇవాళ మీ ముందు పెడుతున్నది ఆ చదువే.

మీరా పుట్టింది సుమారు 1498లో, మార్వాడ్‌లో మేడ్తా దగ్గరి కుడ్కీ గ్రామంలో అని చెబుతారు. జోధ్‌పూర్ నగరాన్ని 1459లో కట్టించిన రావ్ జోధాకి ఒక కొడుకు దూదా. మేడ్తా ఆయనది. దూదా కొడుకు రతన్ సింగ్, ఆయన కూతురు మీరా. తల్లి చిన్నప్పుడే పోతే తాతగారి దగ్గరే పెరిగిందనీ, ఆ తాత విష్ణుభక్తుడనీ చెబుతారు. మేడ్తాలో చతుర్భుజ స్వామి గుడి ఇప్పటికీ ఉంది. 1516లో చిత్తోడ్ యువరాజు భోజరాజుతో పెళ్ళి. మామగారు సామాన్యుడు కాదు, రాణా సంగా, మన చరిత్ర పుస్తకాల్లోని సంగ్రామ సింహుడు.

ఇక్కడ మన తెలుగువాళ్ళు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. సంగా చిత్తోడ్ గద్దె ఎక్కింది 1509 ప్రాంతంలో. శ్రీకృష్ణదేవరాయలు విజయనగర సింహాసనం ఎక్కింది 1509లో. సంగా పోయింది 1528లో, రాయలు పోయింది 1529లో. ఇద్దరివీ ఇంచుమించు ఒకే కాలం. కళింగ దండయాత్ర రోజుల్లో రాయలు కృష్ణా తీరాన శ్రీకాకుళంలో ఆగితే ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నాడు. ఉత్తరాది శ్రీకాకుళం కాదు, మా దివి తాలూకా శ్రీకాకుళం. మా ఊరికి ఐదు మైళ్ళు. దేవుణ్ణే పెళ్ళాడతానన్న గోదాదేవి కథని అక్కడ ఒక రాజు కావ్యంగా రాస్తున్న రోజుల్లోనే, చిత్తోడ్ కోటలో నిజంగానే ఒక కొత్త కోడలు ఆ మాటే అంటోంది. ఆ ఇల్లు ఆ మాటని ఎలా వింది అన్నదే మీరా కథ.

ప్రియాదాస్ అనే ఆయన 1712లో భక్తమాలకి రాసిన వ్యాఖ్యలో ఈ కథ విస్తారంగా ఉంది. పెళ్ళిలో ఏం కావాలని తల్లిదండ్రులు అడిగితే నగలూ చీరలూ వద్దు, గిరిధారి విగ్రహం ఇవ్వండి అంది. పల్లకీలో ఆ విగ్రహం పెట్టుకుని అత్తవారింటికి వెళ్ళింది. గడప తొక్కగానే ఇంటి దేవతకి మొక్కమన్నారు. మొక్కనంది. గిరిధరుడికి అప్పగించిన తల ఇంకెవరికీ వంగదంది. మొదటిరోజే! కొత్త కోడలు కుడికాలు ముందు పెట్టిందా ఎడమకాలు ముందు పెట్టిందా అని వీడియో వెనక్కి తిప్పి చూసే జాతి మనది. ఆ కోడలు ఇంటి దేవతకి దణ్ణం పెట్టనంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అత్తగారు మామగారికి చెప్పింది, ఇక ఈ పిల్ల మనకి పనికిరాదని. వేరే ఇంట్లో ఉంచారు. సాధువులు వచ్చేవారు, ఈవిడ వాళ్ళతో కూర్చుని పాడేది. ఆడపడుచు వచ్చి బుద్ధి చెప్పింది: వదినా, ఇలా చేస్తే రెండు వంశాలకీ తలవంపులు. చివరికి స్వామి చరణామృతమని చెప్పి విషం పంపారు. చరణామృతమన్నారు కాబట్టి కాదనలేదు, తాగేసింది.

ఇది కథ. అసలు చరిత్రలో ఆ ఇంట్లో ఏం జరుగుతోందో పక్కన పెట్టి చూడండి. భోజరాజు 1521 ప్రాంతంలో పోయాడు, పిల్లలు లేరు. 1527లో బాబరుతో ఖాన్వా యుద్ధం. మీరా తండ్రి రతన్ సింగ్ ఆ యుద్ధంలోనే మరణించాడు. మర్నాటి ఏడాది మామగారు సంగా పోయాడు. ఏడెనిమిది ఏళ్ళలో భర్త, తండ్రి, మామ ముగ్గురూ లేరు. గద్దె మీదికి మరుదులు వచ్చారు. 1531లో విక్రమాదిత్య. విషం పంపిన రాణా ఇతడేనని ఎక్కువమంది అభిప్రాయం. సామంతుల్ని గౌరవించడం చేతకాక అందర్నీ దూరం చేసుకుని, చివరికి 1536లో సొంతవాళ్ళ చేతిలోనే హత్యకి గురైన మనిషి. పుట్టింటికి పోదామా అంటే జోధ్‌పూర్ మాల్‌దేవ్ దాయాదుల మీద పడి మేడ్తా లాక్కున్నాడు. అంటే వెనక్కి వెళ్ళడానికి ఇల్లు లేదు, ఉన్న ఇంట్లో చోటు లేదు.

ఇంకొకటి. ఆ కోటలో ఆడదానికి పేరు రావడానికి రాజమార్గం ఒకటుంది, నిప్పు. 1535లో గుజరాత్ సుల్తాను బహదూర్ షా చిత్తోడ్‌ని పట్టుకున్నప్పుడు రాణి కర్ణావతి, తక్కిన స్త్రీలు జౌహర్ చేశారు. ఆ పేరు అందరికీ తెలుసు. భర్త పోయినప్పుడు మీరా చితి ఎక్కలేదు. నా భర్త గిరిధరుడు, ఆయన బతికే ఉన్నాడు, నేను విధవని కాదంది. మనం దీన్ని మధురభక్తి అని ఒక పేరు పెట్టి పక్కన పెడతాం. ఆ కోటలో, ఆ రోజుల్లో, ఇరవై మూడేళ్ళ పిల్ల నోట ఆ మాట ఎంత ధిక్కారమో ఆలోచించండి. ఆవిడకి భక్తి లేదని నేననడం లేదు. ఆ భక్తి వల్లే అంత ధైర్యం వచ్చింది. కానీ ధైర్యాన్ని కత్తిరించి భక్తిని మాత్రం మనం క్యాలెండర్ల మీద అచ్చు వేసుకున్నాం.

ఇక మా వృత్తికి సంబంధించిన ప్రశ్న: వీటికి ఆధారమేమిటి? ఏ రికార్డు ఎప్పటిది?

ఇక్కడ నాకు పెద్ద ఆశ్చర్యం ఎదురైంది. ఆవిడ జీవించిన కాలం నాటి మేవాడ్ ఆస్థాన రాతల్లో ఆవిడ ప్రస్తావన ఇంతవరకూ దొరకలేదు. 17వ శతాబ్దంలో జోధ్‌పూర్ మంత్రి ముహణోత్ నైణసీ తన చరిత్ర గ్రంథంలో భోజరాజు గురించి రాస్తూ, మీరాబాయి రాఠోడ్‌ని ఇతనికిచ్చి పెళ్ళి చేశారని అంటారు అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. 'అంటారు' అన్నాడు చూడండి! కర్నల్ జేమ్స్ టాడ్ అయితే 1829లో అచ్చయిన పుస్తకంలో మీరాని ఏకంగా రాణా కుంభా భార్యని చేసేశాడు. కుంభా 1468లోనే పోయాడు, మీరా పుట్టడానికి ముప్ఫై ఏళ్ళ ముందు. ప్రియాదాస్ కథలో అక్బరు, తాన్‌సేన్ మీరాని చూడటానికి వచ్చారని ఉంది. అక్బరు పుట్టింది 1542లో, ఆవిడ ద్వారకలో అంతర్ధానమయింది 1547 ప్రాంతమని అంటారు. ఐదేళ్ళ పిల్లాడు ఆవిణ్ణి చూడటానికి వచ్చాడంటే తాన్‌సేన్ ఎత్తుకుని వచ్చి ఉండాలి.

పాటల సంగతీ అంతే. ఆమె పేరుతో పాటలు వందలు, కొన్ని సంకలనాల్లో వెయ్యికి పైగా ఉన్నాయి. మరీ పాత రాతప్రతుల్లో దొరికేవి మాత్రం చాలా కొద్ది. 1604 నాటి ఆదిగ్రంథం కర్తార్‌పూర్ ప్రతిలో ఒక మీరా పాట రాసి, మళ్ళీ కొట్టేశారు. కొట్టేసినా కనిపిస్తూనే ఉంది. నేను ఇంత పెద్ద కుటుంబంలో ఇలాంటి రికార్డు చూడలేదు. ఇంటివాళ్ళు ఎక్కించలేదు, బయటివాళ్ళు ఎక్కించి కొట్టేశారు, అయినా పోలేదు.

బాగా పాత సాక్ష్యం నాభాదాస్ భక్తమాల, 1600 ప్రాంతం నాటిది. అందులో మీరాకి కేటాయించింది ఒక్క పద్యం. దాంట్లో చిత్తోడ్ లేదు, భర్త పేరు లేదు, రాణి అన్న మాట లేదు. ముఖ్యంగా ఉన్నవి మూడు సంగతులు. కులం సంకెళ్ళనీ లోకలజ్జనీ వదిలేసింది, విషం ఇస్తే అమృతంలా తాగింది, ఎవరికీ వెరవకుండా భక్తి నగారా మోగించింది. ఆ పద్యంలో ఆమెకి వాడిన ఒక విశేషణం 'నిరంకుశ'. మనం ఈరోజుల్లో ఈ మాట నియంతలకి వాడుతున్నాం, నిరంకుశ పాలన అని. అంకుశం ఏనుగుని అదుపు చేసే ఇనుప ముల్లు. అది లేనిది నిరంకుశ. కవులు నిరంకుశులు అని మన పెద్దలు కవులకి ఇచ్చిన వెసులుబాటు కూడా ఇదే. పుట్టింట్లో ఒక మావటి, అత్తింట్లో ఒక మావటి ఉన్న ఆడపిల్ల గురించి నాభాదాస్ ఆ మాట వాడాడంటే ఊరికే వాడలేదు. నా మటుకు నాకు తక్కిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

మరి ఇంటివాళ్ళు రాయకపోతే ఎవరు దాచారు? పరితా ముక్తా అనే పరిశోధకురాలు సౌరాష్ట్ర, రాజస్థాన్ పల్లెల్లో తిరిగి రాసిన పుస్తకం 1994లో వచ్చింది. ఆవిడకి మేవాడ్‌లో ఒక చిత్రమైన సంగతి తెలిసింది. రాజపుత్రుల ఇళ్ళలో మీరా పేరు ఆడపిల్లలకి పెట్టరట. పైగా అది తిట్టు. ఇల్లు వదిలి తిరిగే ఆడదాన్ని 'మీరా' అనేవారట. మనం ఇక్కడ పిల్లలకి ముచ్చటగా మీరా అని పెట్టుకుంటున్నాం. ఈ హాల్లోనే ముగ్గురో నలుగురో ఉండి ఉంటారు. ఆ పేరు ఆవిడ అత్తవారి ఊళ్ళో తిట్టు! మరి మీరాని పాడుకుంటూ వచ్చింది ఎవరయ్యా అంటే నేతపనివాళ్ళు, తోలుపనివాళ్ళు, కూలీనాలీ చేసుకునేవాళ్ళు. రాత్రంతా కూర్చుని ఏక్‌తార మీద పాడుకునే భజన మండళ్ళు. వాళ్ళు పాడే మీరా తమ మనిషి. రాజభోగం వదులుకుని తమ దగ్గరికి వచ్చేసిన మనిషి.

చెప్పులు కుట్టే రైదాసు ఆవిడకి గురువని సంప్రదాయం. ఆ ఇద్దరి కాలాలు కలుస్తాయా లేదా అని పండితులు వాదించుకుంటారు, అది వాళ్ళ పని. చిత్తోడ్ కోటలో మీరా గుడి ముందు ఒక చిన్న మంటపం ఉంది. దాని కింద రాతిలో చెక్కిన రైదాసు పాదముద్రలు ఉన్నాయి. కోటలో ఉండగా దగ్గరికి రానివ్వని పాదాలకి ఆ కోటలోనే మంటపం కట్టాల్సి వచ్చింది.

కోట వదిలాక ఆవిడ బృందావనం వెళ్ళింది. అక్కడ జీవ గోస్వామి స్త్రీల మొహం చూడనని నియమం పెట్టుకున్న సన్యాసి. చూడటానికి ఒప్పుకోకపోతే మీరా కబురు పంపింది, బృందావనంలో పురుషుడు కృష్ణుడొక్కడే అనుకున్నాను, రెండోవాడు ఉన్నాడని ఇప్పుడే తెలిసింది అని. ఆయన సిగ్గుపడి బయటికి వచ్చాడట. ఈ కథ మన హరిదాసులు కూడా చెబుతారు, అందరం నవ్వుతాం. అంటే ఏమిటి? సంసారాల్లోనే కాదు, సన్యాసుల దగ్గర కూడా ఆవిడకి తలుపు వేసే ఉంది.

ఆ తర్వాత ద్వారక. అక్కడ రణఛోడ్‌రాయ్ గుళ్ళో ఉండగా రాణా పంపిన బ్రాహ్మణులు వచ్చారు, చిత్తోడ్‌కి తిరిగి రమ్మని. విషం పంపిన ఇల్లే పల్లకీ పంపింది. ఆవిడ వెళ్ళాక చిత్తోడ్‌కి అన్నీ అరిష్టాలే జరిగాయి మరి. రానంటే వచ్చినవాళ్ళు నిరాహారంగా కూర్చున్నారు, నువ్వు రాకపోతే ఇక్కడే ప్రాణాలు వదులుతాం అని. కత్తితో బెదిరించడం ఒకటి, చచ్చిపోతామని బెదిరించడం ఒకటి. రెండోది మన ఇళ్ళలో బాగా పనిచేస్తుంది. స్వామి దగ్గర సెలవు తీసుకుని వస్తానని గర్భగుళ్ళోకి వెళ్ళిన మీరా తిరిగి రాలేదు. స్వామిలో ఐక్యమైపోయిందని భక్తుల విశ్వాసం, మా ఇంట్లోనూ అంతే. నేను కాదనేవాణ్ణి కాదు. శ్రీరంగంలో గోదాదేవి కథ కూడా ఇలాగే ముగుస్తుంది. తేడా ఒక్కటే. గోదని తండ్రి చేయి పట్టుకుని గుడి దాకా తెచ్చి అప్పగించాడు. మీరాని లాక్కుపోవడానికి వచ్చినవాళ్ళు గుడి గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

రాజకుటుంబం కాకపోయినా మన తరిగొండ వెంగమాంబని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. ఆవిడా చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకుంది, వైధవ్య చిహ్నాలకి ఒప్పుకోలేదు, వేధింపులు పడలేక తిరుమల చేరింది. స్వామికి ఇప్పటికీ ఏకాంతసేవలో ఆవిడ పేరు మీద ముత్యాల హారతి జరుగుతోంది.

మన ఊరివాడి సంగతి ఒకటి చెప్పాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి మీరా సినిమా తమిళంలో 1945లో, హిందీలో 1947లో వచ్చింది. హిందీ చిత్రం మొదట్లో తెర మీదకి వచ్చి ఎమ్మెస్‌ని దేశానికి పరిచయం చేసింది హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు. సినిమా తీసింది ఎల్లిస్ డంగన్, మా ఒహాయోలో బార్టన్ అనే చిన్న ఊరివాడు. తమిళం ఒక్క ముక్క రాదు. 1950లో వెనక్కి వచ్చి వెస్ట్ వర్జీనియా వీలింగ్‌లో స్థిరపడి 2001లో పోయాడు. వీలింగ్ మాకు రెండు గంటల దారి. నేను ఈ దేశం వచ్చేసరికే ఆయన లేరు. ఆ సినిమా కోసం ఉదయపూర్‌లో షూటింగ్ చేస్తే మేవాడ్ మహారాణాయే తన ఏనుగుల్నీ గుర్రాల్నీ ఇచ్చాడు. నాలుగు వందల ఏళ్ళు పట్టినా ఆ ఇంటి నుంచి మీరా కోసం ఏనుగులు వచ్చాయి.

గాంధీగారికీ మీరా అంటే ప్రాణం. 1925లో తన దగ్గరికి వచ్చిన మెడలిన్ స్లేడ్‌కి మీరా అని పేరు పెట్టారు. విషం గిన్నెని చిరునవ్వుతో అందుకున్న మీరా ఆయన దృష్టిలో సత్యాగ్రహి. గొప్ప మాటే. అయితే సత్యాగ్రహం ఎవరి మీద అన్నది కూడా చెప్పుకోవాలి కదా. తెల్లవాడి మీద అయితే మనందరం చెబుతాం. ఇంట్లోవాళ్ళ మీద కాబట్టి 'దుష్టులు' అని ఊరుకుంటాం, నేను వ్యాఖ్యానంలో రాసినట్టు.

ఇప్పుడు మా అత్తయ్య అడిగిన ప్రశ్న.

మాది దివిసీమ. చిన్నత్తయ్యని సముద్రం దగ్గరి ఊరికిచ్చారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మామయ్య కొట్టుకుపోయాడు. ఆవిడకి 22 ఏళ్ళు. చెట్టు పట్టుకుని బతికింది. తాతయ్య వెళ్ళి తీసుకొచ్చాడు. అప్పటి నుంచీ మా ఇంట్లోనే. పొద్దున అందరికంటే ముందు లేచేది, రాత్రి అందరికంటే ఆఖర్న తినేది. నాకు అన్నం కలిపి పెట్టింది, అక్షరాలు దిద్దించింది ఆవిడే. మా రామాలయంలో భజన మండలి ఉండేది. హార్మోనియం వాయించేది మా ఊరి దర్జీ. శనివారాలూ, ధనుర్మాసంలో రోజూ భజన. అత్తయ్య తాళాలు పట్టుకుని వెళ్ళేది. అక్కడ ఆవిడ గొంతు ఇంట్లో గొంతులా ఉండేది కాదు.

ఇంట్లో మొదట ఏమీ అనలేదు. తర్వాత సణుగుడు మొదలైంది. మగవాళ్ళ మధ్య, అదీ ఆ కులాలవాళ్ళ మధ్య, రాత్రి పది దాకా ఏమిటి అని. 1989 ధనుర్మాసంలో ఒకరోజు తాతయ్య నన్ను పిలిచాడు. నాకు తొమ్మిదేళ్ళు. "వెళ్ళి మీ అత్తకి చెప్పిరా. తొమ్మిదింటికల్లా రాకపోతే గడియ వేసేస్తాం, ఇక తియ్యం అని."

పరుగెత్తాను. పెద్దవాళ్ళ మాట నా చేతికిచ్చారన్న ఉత్సాహం. గుళ్ళోకి వెళ్ళి, భజన మధ్యలో, అందరికీ వినపడేలా గట్టిగా చెప్పాను. దర్జీగారి వేళ్ళు హార్మోనియం మీద ఆగిపోయాయి. అత్తయ్య తాళాలు ఆపలేదు. నా మొహం వంక ఒక్కసారి చూసింది.

గడియ వేశారు. పొద్దున్నే అమ్మ తీస్తే అరుగు మీద కూర్చుని ఉంది. లోపలికి వచ్చి, స్నానం చేసి, పొయ్యి వెలిగించింది. ఆ రోజు నా జడ్జిమెంటు ఏమిటంటే, అత్తయ్యది తప్పు, చెప్పినా వినలేదు. మళ్ళీ ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆవిడ భజనకి వెళ్ళడం మానలేదు, తాతయ్య మళ్ళీ గడియ వెయ్యలేదు. ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు.

2012లో కారులో ఆవిడ అడిగినప్పుడు నాకు ఇదంతా వెంటనే గుర్తొచ్చిందని చెబితే అబద్ధం. నాలుగు రోజుల తర్వాత ఆఫీసులో ఏదో మీటింగులో ఉండగా గుర్తొచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్ళి అడుగుదామనుకున్నాను, అడగలేకపోయాను. ఆవిడ ఇండియా వెళ్ళిపోయింది. ఏళ్ళు గడిచిపోయాయి.

ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాక, మొన్న శీతాకాలంలో ఫోన్ చేశాను. అత్తయ్యకి ఇప్పుడు డెబ్భై. ఆ ఇంట్లోనే ఉంది. మండలి ఇప్పుడు ఆవిడే నడుపుతోంది.

"అత్తయ్యా, ఆ రాత్రి సంగతి..." అన్నాను.

"ఏ రాత్రిరా?" అంది. గుర్తు లేక కాదు, నా చేత చెప్పించడానికి.

చెప్పాను. మొత్తం చెప్పాను. విని, "తొమ్మిదేళ్ళవాడివి. నువ్వు కాకపోతే ఇంకొకణ్ణి పంపేవాళ్ళు. కానీ మరీ అంత అరిచి చెప్పాలా నాన్నా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"చలెయ్యలేదా అత్తయ్యా?"

"ధనుర్మాసం కదా, ఎందుకు వెయ్యదు? దర్జీగారి భార్య దుప్పటి తెచ్చి కప్పింది. తనూ నా పక్కనే అరుగు మీద కూర్చుంది. తెల్లారగట్ల మీ అమ్మ గడియ తీసే చప్పుడు వినపడగానే దుప్పటి మడిచి పట్టుకుని వెళ్ళిపోయింది. అది కనపడితే మీ తాతయ్య వాళ్ళని కూడా ఏదో అంటాడని."

ఈ దుప్పటి సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గడియ తీసిన మా అమ్మకి కూడా నేనే ఫోన్ చేసి చెప్పాను.